పెద్దది తీసుకోమనే గుర్తు

సుయాక్ రేవులో తేలిన మార్సెల్ శవం జేబులో తడిసిన కాగితం ఒక్కటే దొరికింది. దాని మీద రెండు గుర్తులు: ⌈ ⌊. వాటి మధ్య అటూ ఇటూ చూపే బాణం.

"మార్సెల్ మన మనిషి," అన్నాడు చీఫ్ వీరాస్వామి. "వకోవా లెక్కల కేంద్రంలో కొత్త కంప్యూటరుంది. దాని భాషలో గుర్తులే ఆజ్ఞలు. మొదటిది కొడితే రెండు అంకెల్లో పెద్దది తీసుకుంటుంది, రెండోది కొడితే చిన్నది. తుఫాను లెక్క దానితోనే చేస్తారు. అందులో ఎవరో వేలు పెట్టారు."

గూఢచారి ఎంకన్న గోడ గడియారం వైపు చూశాడు. అది 1968 ఫిబ్రవరి. స్వాతంత్ర్య వేడుకల కోసం రోడ్రిగ్స్ దీవి నుంచి రెండువందల మందితో ప్రధాన దీవికి ఓడ ఆ ఉదయం పదింటికి బయలుదేరాలి. అందులో అతని భార్య కన్నమ్మ ఉంది.

"ఓడ మునిగితే మనకు మనల్ని ఏలుకోవడం చేతకాదని శత్రువులు లోకమంతా చాటుతారు. టైప్‌రైటర్ మెకానిక్‌గా వెళ్ళు. అక్కడ జీనెట్ మన ఏజెంటు. కోడ్ గుర్తుందిగా?"

"ఉంది సార్."

తొమ్మిదీ నలభైకి వకోవా వానలో తడుస్తూ చేరాడు. తలుపు తీసిన జీనెట్ అందగత్తె. ఎర్రటి గోళ్ళు, ఖరీదైన సెంటు.

"ఇవాళ చలేనా?"

"గొడుగున్నవాళ్ళకి కాదు, మిస్యే."

కోడ్ సరిపోయింది. ఎంకన్న పనిముట్ల పెట్టెతో లోపలికి నడిచాడు.

లోపల టైపిస్టు పాపమ్మ కంప్యూటరుకు కలిపిన టైప్‌రైటర్ మీద ఆజ్ఞలు కొడుతోంది. రెండు వాతావరణ స్టేషన్ల గాలి వేగాలు కాగితపు టేపు మీద కన్నాలుగా వచ్చి నేరుగా కంప్యూటర్లోకి పోతాయి. ఆమె గుర్తు కొట్టింది. కాగితం మీద ⌈ పడింది. జవాబు: 31. యాభై దాటితేనే ఓడ ఆపాలి.

"గుర్తు సరిగ్గానే ఉంది. ఓడను పంపమంటాను," అంటూ జీనెట్ టెలిగ్రాఫ్ ఆఫీసుకు ఫోన్ కలిపింది.

అక్షరాలు కొట్టే లోహపు బంతి మీద ఎర్రటి చుక్క ఎంకన్న కంటపడింది.

"ఇదేంటి చెల్లీ?"

"బొట్టు అన్నా. మెషిన్‌కి పెట్టాలి కదా! పొద్దున్నే కుంకుమ పెట్టింది నేను."

ఎంకన్న రుద్దాడు. కుంకుమైతే అంటాలి, వేలికి ఏమీ అంటలేదు. గీకితే పెచ్చులా ఊడింది. గోళ్ళ రంగు! జీనెట్ గోళ్ళదీ అదే రంగు. అతను పాపమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు బొట్టు పెట్టిన బంతి తీసేసి, దొంగ బొట్టుతో వేరేది పెట్టారు! ఆ రెండు గుర్తుల మీటల మూతలూ అటూ ఇటూ మార్చారు! నువ్వు పెద్దదే కొట్టాననుకుంటున్నావు, కాగితం మీదా అదే పడుతోంది. లోపలికి మాత్రం చిన్నదాని ఆజ్ఞ పోతోంది!"

జీనెట్ ఫోన్ వదిలేసి లిప్‌స్టిక్ తీసింది. ఒక్క గుండు పేలే పిస్టల్ అది. ఆ సంగతి ఎంకన్నకు తెలుసు. కన్నమ్మను ఇక చూడననుకున్నాడు.

ఆ సంగతి తెలియని పాపమ్మకు ఒళ్ళు మండింది.

"అయ్యో, ఓడ మునుగుతుంటే నీకు సోకులా, మామ్‌జెల్?" అని ఆమె చెయ్యి విరిచిపట్టింది. గుండు పైకప్పులో దిగింది. పాపమ్మ కెవ్వుమని అరిచింది గానీ పట్టు వదల్లేదు. జీనెట్‌ని నేలకు పడేసి మీద కూర్చుంది.

తొమ్మిదీ యాభై ఎనిమిది.

"టేపు చదవగలవా?" ఎంకన్న దాన్ని లాగి పాపమ్మ చేతిలో పెట్టాడు.

పాపమ్మ కన్నాలు తడుముతూ లెక్కపెట్టింది. "ఒకటి ముప్పై ఒకటి... ఇంకోటి అరవై నాలుగు, అన్నా!"

ఎంకన్న ఫోన్ అందుకున్నాడు. "ఓడ కదలకూడదు!"

"ఓడ నిచ్చెన తీసేస్తున్నారట, మిస్యే," అన్నాడు టెలిగ్రాఫ్ గుమాస్తా.

"మళ్ళీ వెయ్యమను! తుఫాను! దేవుడా, వెయ్యమను!"

అవతల తంతి మీట టకటకలాడింది. ఆ తర్వాత, "వేశారు," అన్నాడు గుమాస్తా.

ఎంకన్న నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తుఫాను వెలిసిన మూడో రోజున కన్నమ్మ టెలిగ్రాం వచ్చింది. "పెట్టెలన్నీ సర్దుకున్నాక ఓడ ఆపేశారు. ఏ బుద్ధిలేనివాడి పనో కనుక్కో."

ఎంకన్న దాన్ని నాలుగుసార్లు చదివి, "కనుక్కుంటున్నాను" అని జవాబిచ్చాడు.