బండల వెనుక చప్పుడు

కోరుట్ల నుంచి మల్లాపూర్ పోయే తొవ్వలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఉంది. చీకటి పడ్డాక దాని వెనుక యార్డులోకి ఎవరూ పోరు. ఇనుప స్టాండుకు ఆనించిన బండలు మీద పడి కూలి భూమన్న చనిపోయింది అక్కడే. అప్పటి నుంచి బండల మీద ఎవరో కొడతారని, నీళ్ళు అడుగుతారని చెప్పుకుంటారు. అటు పోక తప్పనివాళ్ళు భూమన్న పేరిట నాలుగు చుక్కల కల్లు నేల మీద సాక పోసి, వెనక్కి చూడకుండా నడుస్తారు.

మా పక్కింటి వనిత చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. ఇది ఆమె అక్క పుష్పకు జరిగింది.

ఆదివారం. ఫ్యాక్టరీ బంద్. క్రేన్ నడిపే మహిపాల్ పొద్దంతా ఇబ్రహీంపట్నంలో దావత్ చేసుకుని, మిగిలిన కల్లు సీసాతో రాత్రి యార్డు పక్కనున్న తన గదికి పోతున్నాడు. కరెంటు లేదు.

టక్... టక్...

ఆగాడు. గాలేమో అనుకున్నాడు.

టక్... ఆ వెంటనే, బండల అడుగు నుంచి సన్నటి గొంతు —

"నీళ్ళు..."

మహిపాల్ సీసా మొత్తం ఒంపేసి అక్కడే పడేశాడు. "భూమన్నా, నీ కాళ్ళు మొక్కుత... నన్నిడిసిపెట్టు!" అంటూ గేటు దాకా ఉరికాడు.

అక్కడ పుష్ప ఎదురైంది. పాలిష్ పట్టే ఓదెలు భార్య.

"అన్నా, మా ఆయనను చూసినవా? లోడు ఉన్నదని సేటు పిలిస్తే పొద్దుగాల అచ్చిండు. ఫోన్ ఎత్తుతలేడు."

"ఇయ్యాల పనేడిదమ్మా? ఏడనో తాగి పండుంటడు. ఇంటికి పో... లోపట భూమన్న లేచిండు. నీళ్ళడిగిండు."

"నువ్వేం జేసినవ్?"

"సాక పోసిన."

పుష్ప ఒక్క క్షణం అతని మొహం చూసింది. "సచ్చినోనికి నీళ్ళ దూపైతదా అన్నా? దూపయ్యేది బతికున్నోనికి!" అంటూనే లోపలికి పరుగెత్తింది.

మహిపాల్ ఫోన్ లైటు పట్టుకుని వెనకే పోయాడు.

స్టాండు ఒరిగిపోయి ఉంది. ఒకదాని మీద ఒకటి పడ్డ బండలు. వాటి అంచున ఓదెలు — నడుము దాకా లోపలే. కళ్ళు తెరిచే ఉన్నాయి. చెయ్యి చాపినా అందనంత దూరంలో, మట్టిలో ఇంకిపోతున్న కల్లు.

పుష్ప ఏడుస్తూనే ఖాళీ సీసాలో నల్లా నీళ్ళు పట్టుకొచ్చింది. ఓదెలు రెండు చేతులతో సీసా పట్టుకుని తాగుతున్నాడు...

టక్... టక్...

మహిపాల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "భూమన్నా..."

ఓదెలు సీసా దించాడు. "భూమన్న గాదన్నా... ఆనంద్. నా జోడి పనోడు. నా ఎనుకనే ఉన్నడు... పొద్దటి సంది గొట్టేది వాడే. జల్ది క్రేన్ తే..."

మహిపాల్ ఉరికాడు.

పుష్ప బండకు చెవి ఆనించింది. ఏమీ లేదు. పిడికిలితో కొట్టింది. మళ్ళీ చెవి పెట్టింది...

మళ్ళీ కొట్టింది.