జరగని మీటింగు

"సార్, ఈడ సంతకం పెట్టున్రి."

శామీర్‌పేట దాటాక ఉన్న మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో అశ్రిత డీన్ ఆఫీసు టైపిస్టు. ఆమె చాచిన మినిట్స్ రిజిస్టరును మైక్రోబయాలజీ డాక్టర్ రాఘవేందర్ ఒక్క లైనూ వదలకుండా చదివాడు.

"ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ మీటింగా? గిది ఎప్పుడైంది?"

"శుక్రవారం సార్."

"శుక్రవారం నేను ఈడనే ఉన్న. నన్నెవరు పిలువలే."

"ఏమో సార్. మీరైతే మస్తు మంచిగ మాట్లాడిన్రు. నేనే టైప్ చేసిన."

అతను పకపకా నవ్వాడు. పెన్ను మాత్రం తీయలేదు.

"వార్డుల బాలింతల కుట్లు చీము పడుతున్నయి. కూసొని మాట్లాడకుండ మాట్లాడినమని ఎట్ల పెడుదు సంతకం?"

ప్రతి నెలా అదే తంతు. అందరి సంతకాల మధ్య అతని పేరు ఎదురుగా ఖాళీ. డీన్ తిట్లు ఆమెకు. అయినా రిజిస్టరు పట్టుకుని అతని గదికి మెట్లెక్కుతుంటే కాళ్లు పరుగెత్తేవి.

ఆరో నెల రిజిస్టరులో ఓ కాగితం పెట్టింది: 'డాక్టర్ రాఘవేందర్ టైపిస్టు అశ్రితను పెళ్లాడతానని ప్రతిపాదించారు. సభ్యులు ఆమోదించారు.'

మొత్తం చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"గీ మీటింగైతే ఇప్పుడు అయితాంది గద," అంటూ సంతకం పెట్టాడు.

పెళ్లయిన రెండు నెలలకు డీన్ అతన్ని ఇన్‌చార్జి సూపరింటెండెంట్‌ను చేశాడు. మీటింగులు పిలవాల్సింది ఇప్పుడు అతనే.

"అశ్రితా, సోమవారం ఇన్‌స్పెక్షన్. జల్దీ మినిట్స్ కొట్టు. మొన్న శుక్రవారం తారీఖెయ్యి."

"శుక్రవారం మనం చెరువు కట్ట మీద ఉన్నం గద! వానల తడుసుకుంట మక్కకంకులు తిన్నం."

"తెలుసు. కాలేజీకి పర్మిషన్ పోతే అందరి నౌకర్లు పోతయి. పరేషాన్ చెయ్యకు."

"వార్డుల మల్ల ఇద్దరికి చీము పట్టింది."

"ఇన్‌స్పెక్షన్ అయినంక చూద్దాం తియ్యి."

ఆమె టైప్ చేసింది: 'శుక్రవారం మీటింగు జరగలేదు. సూపరింటెండెంట్ గారు భార్య కొంగు కింద తలదాచుకుని మక్కకంకి తిన్నారు. గింజలు లేతగా ఉన్నాయి.'

అతను నేరుగా కాగితం అడుగున సంతకం పెట్టేశాడు.

"చదువలేదేంది డాక్టర్‌సాబ్?"

"నువ్వు కొట్టినవు గద. ఇంకేం చదువుడు?" ఆమె బుగ్గ గిల్లి వెళ్లిపోయాడు.

అశ్రిత ఆ కాగితాన్ని సోమవారం కోసం రిజిస్టరులో అతికించింది. తర్వాత పేజీలు వెనక్కి తిప్పింది. మొదటి నెల పేజీలో అతని పేరు ఎదురుగా తెల్లగా ఖాళీ.

ఆమె మనసిచ్చింది దానికే.