పీచుమిఠాయి ద్రాక్ష

నెరెయిదా మళ్ళీ వాంతి చేసుకుంది. ఈసారి మంచినీళ్ళు తప్ప ఇంకేమీ రాలేదు. స్నానాలగది గోడకి తల ఆనించి నేలమీదే కూలబడిపోయిన కోడలి మొహం యులాలియా తడిగుడ్డతో తుడిచింది. పొద్దున పట్టిన గంజి, మధ్యాహ్నం పెట్టిన కోడి చారు, చివరికి ఎండు రొట్టెముక్క... ఏదీ కడుపులో నిలవలేదు. వేవిళ్ళు అందరికీ ఉంటాయి. తనకీ ఉన్నాయి, కొడుకు ఫెర్మీన్ కడుపులో ఉన్నప్పుడు. కానీ ఇవి వేవిళ్ళలా లేవు, పిల్లని లోపల్నుంచి పిండేస్తున్నట్టున్నాయి. ఇప్పుడు మూడో నెల. నిరుడు సరిగ్గా మూడో నెలలోనే తొలి కడుపు పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనడంలేదు. సోమవారం దాకా చూద్దాం, ఏమీ నిలవకపోతే ఆసుపత్రిలో చేర్చాలని డాక్టరమ్మ చెప్పి పంపింది.

"లేమ్మా తల్లీ, నన్ను పట్టుకో" అంటూ యులాలియా కోడల్ని లేపి మంచం మీద పడుకోబెట్టింది. చేతికి ఎముకలే తగిలాయి.

సాయంత్రం దాల్చినచెక్క వేసి టీ కాచి తీసుకెళ్తుంటే, ఓరగా వేసి ఉన్న తలుపు వెనకనుంచి కొడుకు గొంతు వినిపించింది.

"ఏదో ఒకటి చెప్పు నెరెయిదా. ఏది తినాలనిపిస్తే అది తెస్తాను. లాస్ ఏంజెలెస్ దాకా వెళ్ళమన్నా వెళ్తాను."

"చెబితే కోప్పడవుగా?"

"నీ మీద కోపమా నాకు?"

నీరసంగా, తప్పు చేసినదానిలా అంది నెరెయిదా. "ద్రాక్షపళ్ళు."

"ద్రాక్షా?" అన్నాడు ఫెర్మీన్, గొంతు తగ్గించి.

"అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు" అంది ఆమె. "ఏం చెయ్యను, నువ్వు విప్పిన చొక్కా పక్కన పెట్టుకుంటే తప్ప ఈ తిప్పుడు ఆగట్లేదు. ఆ వాసన తగిలితేనే ప్రాణం లేచొస్తోంది."

"నెమ్మదిగా... అమ్మ వింటుంది. రేపు పని నుంచి వచ్చాక నిన్ను పక్కవీధి లుపే పిన్ని వాళ్ళింటికి తీసుకెళ్తాను. అక్కడ తిందువుగాని. నోరు పుక్కిలించుకుని వచ్చేద్దాం."

"దొంగతనంగానా?"

"ఈ ఇంట్లో ఇంకెలా తింటావు?"

యులాలియా వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది. టీ కప్పు వంటింటి బల్లమీద పెట్టి, కుర్చీలో కూర్చుని, ఆ చల్లారిపోతున్న టీ వైపే చూస్తూ ఉండిపోయింది.

చొక్కా సంగతి ఆమెకి పెద్ద వింతగా తోచలేదు. కడుపుతో ఉన్న ఆడది మొగుడి వాసన కోరుకోవడం ఉన్నదే. ఆమె గుండెలో దిగింది వేరే మాట. తన ఇంటి పిల్ల, తన వంశాన్ని మోస్తున్న పిల్ల, ప్రాణం మీదికొచ్చినా గుప్పెడు పళ్ళు తినడానికి పరాయి ఇంటికి పోవాలి! అంత భయం పెట్టిందా తను?

భయం కాదు... ఆగస్టు. పదమూడేళ్ళ కిందటి ఆగస్టు. ఇదే దెలానో ఊళ్ళో, ఊరిని నాలుగువైపులా చుట్టుకుని ఉన్న ఈ ద్రాక్షతోటల్లోనే, ఆమె ఒక వరసలో కోస్తుంటే భర్త అన్సెల్మో పక్క వరసలో కోస్తున్నాడు. పాట పాడుతున్నవాడల్లా ఆపేశాడు. దాహమేసి ఆపాడనుకుంది. తీగల కిందనుంచి వంగి చూస్తే మనిషి మట్టిలో బోర్లా పడున్నాడు. ఎండదెబ్బకి ఒళ్ళు పెనంలా కాలుతోంది. ద్రాక్షరసంతో జిగటగా ఉన్న చేతులతోనే మొహం తుడిచింది, ఆ చేతులతోనే ఒళ్ళో పెట్టుకుని ఊపింది. అంబులెన్సు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ మర్నాటినుంచి ఆమె తోటలోకి అడుగుపెట్టలేదు. బడి వంటగదిలో పనికి కుదురుకుంది. ఇంట్లోకి ద్రాక్ష రాలేదు. రొట్టెలో ఎండుద్రాక్ష ఉంటే ఏరి పారేసేది. ఎక్కడికి వెళ్ళినా తోటల పక్కన రోడ్డు వదిలేసి చుట్టు తిరిగి వెళ్ళేది. కొడుకు బాదం తోటల్లో లారీ తోలుతున్నానంటే, పోనీలే, ఆ తీగల జోలికి పోలేదని దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

తెల్లవారి శనివారం. ఫెర్మీన్ చీకటితోనే పనికి వెళ్ళిపోయాడు. యులాలియా సంచి పట్టుకుని సరుకుల దుకాణానికి బయల్దేరింది.

పళ్ళ అరల దగ్గరికి వెళ్ళేసరికి ఆ వాసన వచ్చి మొహాన తగిలింది. తోపుడుబండి కమ్మీ గట్టిగా పట్టుకుని నిలబడింది. పచ్చవీ నల్లవీ ఉంటాయనుకుంది ఆమె. కానీ ఇవేమిటి? వేళ్ళంత పొడుగున, చివర నొక్కినట్టున్న నల్లటివి ఒక రకం. రేగుపళ్ళంత గుండ్రంగా, లోపల దీపం పెట్టినట్టు మెరుస్తున్న ఎర్రటివి ఇంకో రకం. ఇంకో పెట్టెలో లేత పసుపు కలిసిన పచ్చటివి. వాటి మీద గులాబీరంగు కాగితం.

"అవి పీచుమిఠాయి ద్రాక్ష, అక్కా" అంది పెట్టెలు సర్దుతున్న మనిషి. "నిజంగా ఆ రుచే. నేనూ నమ్మలేదు మొదట."

"పంచదార నీళ్ళేమైనా ఎక్కిస్తారా?"

"అయ్యో లేదక్కా. తీగకి కాసిందే. ఆ జాతీ ఈ జాతీ కలిపి కలిపి ఏళ్ళ తరబడి పెంచారట. ఒకటి తిని చూడు."

యులాలియా తల అడ్డంగా ఊపింది. మూడు రకాలూ మూడు పెట్టెలు తీసుకుని, ఎవరో తరుముతున్నట్టు ఇంటికొచ్చేసింది.

వంటింట్లో కుళాయి కింద పళ్ళు కడిగింది. కోడలికి పులుపు తగిలితే మళ్ళీ మొదటికే వస్తుంది. ఏది తియ్యన, ఏది పులుపు? రుచి చూడకుండా ఆ ఖాళీ కడుపులోకి ఎలా పంపడం? గోడ మీది గ్వాదలూపే మాత పటం వైపు చూసి, కళ్ళు మూసుకుని, పచ్చటి పండొకటి నోట్లో వేసుకుంది.

తోలు పటుక్కుమంది. మొదట చల్లదనం. తర్వాత... యులాలియా కళ్ళు తెరిచింది. ఇది ద్రాక్షేనా? తిరునాళ్ళలో పుల్లకి చుట్టిచ్చే గులాబీ మిఠాయి, నాలుక మీద పెట్టగానే మాయమయ్యే ఆ తీపి, కాస్త పాల వాసన... అదంతా ఒక పండు లోపల! పులుపు జాడ లేదు, వగరు లేదు. ఇంకొకటి తింది. నల్లటిది కొరికింది. అది కరకరలాడుతూ రేగు తేనెలా ఉంది. ఎర్రటిది నోట్లో పడగానే గులాబీపూలు నలిపినట్టయింది. పదిహేడేళ్ళు ఈ చేతులతో గుత్తులు కోసింది. ఎండకి నోరెండినప్పుడు ఎన్నో తింది. ఆ నేలలో, ఆ ఎండలో, ఆ ముసలి మోడుల్లో ఇంత తీపి దాగుందని ఆమెకి తెలీదు. తన మనిషిని మింగిన మట్టి ఇది. ఆ మట్టే ఇలాంటిది కూడా ఇవ్వగలదా? ఎవరు నేర్పారు దానికి? కన్నీళ్ళు చెంపల మీదుగా కారి నోట్లోకి వచ్చాయి. ఆ ఉప్పుతో కూడా తీపి తగ్గలేదు. గుడిలో నిలబడ్డట్టు కుళాయి ముందు అలా నిలబడిపోయింది.

చిన్న గిన్నెలో పచ్చటి పళ్ళు పోసుకుని కోడలి మంచం దగ్గరికి వెళ్ళింది.

నెరెయిదా గిన్నెలోకి చూసి, అత్తగారి మొహంలోకి చూసి, లేవబోయింది. "అత్తయ్యా... ఇవి... మీరెందుకు..."

"ముందు తిను. ఏడుపులు తర్వాత."

ఒక పండు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. తిప్పలేదు. రెండో పండు. మూడోది. నెరెయిదా కళ్ళు పెద్దవయ్యాయి.

"అత్తయ్యా, ఇది మిఠాయిలా ఉంది!"

"ఊఁ. నేనూ తిన్నాను."

"మీరు తిన్నారా?"

యులాలియా ఇంకో పండు అందించింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి కోడలు దిండుకి ఆనుకుని నిద్రపోయింది. వారం రోజుల తర్వాత తొలిసారి మొహంలో కాస్త కళ కనిపించింది. లేచి మధ్యాహ్నం ఇంకో గిన్నెడు తింది. గంజి కూడా తాగింది. అన్నీ నిలిచాయి.

ఫెర్మీన్ వచ్చేసరికి అత్తాకోడళ్ళు మంచం మీద ఎదురెదురుగా కూర్చుని ఒకే గిన్నెలోంచి తింటున్నారు. వాడు గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. తల్లి చేతిలో ద్రాక్షపండు!

"రారా, నువ్వూ తిను" అంది యులాలియా.

నమ్మలేనట్టు దగ్గరికొచ్చాడు. ఒక రెమ్మ తీసుకుని, అలవాటుగా కాడ తిప్పి చూశాడు. "కాడ ఇంకా పచ్చిగానే ఉంది. మొన్న కోసినవి. మా..." అని టక్కున ఆగిపోయాడు.

"మా? ఏంట్రా మా?"

నెరెయిదా తల దించుకుంది.

"బాదం తోటలో ద్రాక్ష కాస్తోందా, ఫెర్మీన్?"

వాడు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. "నాలుగేళ్ళయిందమ్మా. నీకు చెప్పే ధైర్యం లేక..."

కోడలికి అంత హాయినిచ్చిన చొక్కా వాసన ఏమిటో యులాలియాకి అప్పుడు అర్థమైంది. "నీకింకే పనీ దొరకలేదట్రా? మీ నాన్న ఒక్కడూ చాలలేదా ఆ తోటలకి?"

"నాన్న పడిపోయిన రోజు పని ఆపండి అన్నవాడు ఒక్కడూ లేడమ్మా" అన్నాడు ఫెర్మీన్. "నీడ లేదు. నీళ్ళడబ్బా ఎక్కడో వరస చివర. నువ్వే చెప్పావు కదా. ఆపండి అనేవాడు ఒకడుండాలని వెళ్ళాను. ఇప్పుడు నేను మేస్త్రీని. ఎండ ముదిరితే ఈల వేస్తాను. పైవాళ్ళు ఏమన్నా సరే, పని ఆగిపోతుంది. నా కింద ఇంతవరకూ ఒక్కరు కూడా పడిపోలేదమ్మా."

యులాలియా కొడుకు చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. గోళ్ళ సందుల్లో ఇంకా జిగురు ఉంది.

"ఆ రోజు నువ్వక్కడ ఉండుంటే..." అంది.

"అప్పుడు నేను ఇంకా బడిలో చదువుకుంటున్నానమ్మా" అన్నాడు వాడు, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ.

సోమవారం ఆసుపత్రికి వెళ్ళే అవసరం పడలేదు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం యులాలియా పెద్ద గిన్నెనిండా చిక్కుళ్ళు వండి, మరో గిన్నెలో కోడికూర పెట్టుకుని, కోడలి కారులో కూర్చుంది. "తోటల పక్కన రోడ్డునే పోనీ" అంది.

ఎండ నిప్పులు చెరుగుతోంది. వరసల్లో తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ వంగి కోస్తున్నారు. కారు దిగిన యులాలియా ఆ తీగల వైపు చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. నెరెయిదా చెయ్యి పట్టుకుంది. అంతలో ఈల మోగింది. కత్తెరలు ఆగిపోయాయి. నవ్వుకుంటూ, ఒకరినొకరు వేళాకోళం చేసుకుంటూ అందరూ గుడారాల నీడలోకి వచ్చి నీళ్ళు తాగుతున్నారు. తన వయసావిడ ఒకామె ఆఖరి వరసలోంచి నెమ్మదిగా నడిచొస్తోంది. ఫెర్మీన్ ఎదురెళ్ళి ఆమె చేతిలో బుట్ట అందుకున్నాడు.

ఆమె కూడా వచ్చి నీడలో కూర్చునేదాకా చూసి, అప్పుడు యులాలియా గిన్నె మూత తీసి వడ్డించడం మొదలుపెట్టింది.