అన్నం తిన్నావా అని అడిగే కంప్యూటరు

"మా ఆయన్ని ఎవరో మాయం చేశారండి" అంది రామలక్ష్మి, కుర్చీలో కూర్చోకుండానే.

కొవ్వూరు నుంచి వంతెన దాటి, రాజమండ్రిలోని డిటెక్టివ్ భీమరాజు ఆఫీసుకు వచ్చిందామె. బాగా చిక్కిపోయింది. భర్త సత్యప్రసాద్ నిరుడే పోయాడని తెలియగానే సహాయకుడు అశోక్ పెన్ను కింద పెట్టేశాడు. అతని గురువు భీమరాజు మాత్రం మంచినీళ్ళు తెప్పించి, "మొదట్నుంచీ చెప్పండమ్మా" అన్నాడు.

సత్యప్రసాద్ కుర్రతనంలో కొన్న హోమ్ కంప్యూటరు ఇంట్లో ఇంకా పనిచేస్తోంది. టీవీయే దాని తెర. ఆయన రాసిన రెండు ప్రోగ్రాములను ఆమె రోజూ క్యాసెట్ల నుంచి ఎక్కిస్తుంది. మొదటిది పలకరింపుది. రెండోది తెలుగు అక్షరాలది. దాంతో మంగళహారతులు టైపు చేసుకుంటుంది. కాసేపటికి తెర అడుగున, ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన మాట వచ్చేది: 'లక్ష్మీ, అన్నం తిన్నావా?' ఇప్పుడు రావడం లేదు.

"రిపేరు చేసే వీరబాబు మీదే అనుమానమండి. వచ్చినప్పుడల్లా దాన్ని అమ్మేయమంటాడు. మా అమ్మాయి దుర్గాశ్రీకి కూడా ఆయన ఈ విద్యంతా నేర్పారు. అదేమో నర్సయింది."

కొవ్వూరులో భీమరాజు మొదటి క్యాసెట్ ఒక్కటే ఎక్కించాడు. పలకరింపు వచ్చింది. రామలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండోది కూడా ఎక్కించాక ఎంతసేపు చూసినా రాలేదు. అతను ఆ క్యాసెట్ తీసి చూశాడు. దానిమీద ఎవరూ మళ్ళీ రికార్డు చేయకుండా సత్యప్రసాద్ విరిచేసిన మూలకు తెల్లటి ప్లాస్టరు అంటించి ఉంది. అలా మూస్తే దానిమీద మళ్ళీ రికార్డు చేయొచ్చు.

"వీరబాబు గారూ, ఈ ప్లాస్టరు మీదేనా?" అని అడిగాడు, అక్కడికి పిలిపించిన అతన్ని.

"నా దగ్గర నల్లటేపేనండి, కరెంటు పనికి వాడేది."

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన దుర్గాశ్రీని కూడా కూర్చోమన్నాడు భీమరాజు.

"ఈ మిషను ఇప్పుడేం చెయ్యాలో మాటిమాటికీ ఒకేచోట చూసుకుంటుంది. ఎక్కిన ప్రతి ప్రోగ్రామూ అక్కడ తన చిరునామా రాసుకుంటుంది. వెనకొచ్చింది ముందున్నదాని చిరునామా గుర్తుంచుకుని, తన పని కాగానే మిషనును అక్కడికి పంపాలి. సత్యప్రసాద్ గారు ఆ మర్యాద తప్పలేదు. అక్షరాల ప్రోగ్రాములోంచి ఆ పంపే ముక్కను ఎవరో తీసేశారు. ఇది ఆసుపత్రి ప్లాస్టరు. నేర్చిన చెయ్యి ఈ ఇంట్లో ఒక్కటే. అవునా తల్లీ?"

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్న భీమరాజుకు మాత్రం ఏమీ సంతోషం కలగలేదు.

"చెరిపేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు" అంది దుర్గాశ్రీ. "నాన్న మాట అందులోనే ఉందమ్మా. దారి ఒక్కటే మూసేశాను. అది ఆగితేనైనా ఆ టీవీ ముందు నుంచి లేస్తావనుకున్నా."

"ఆయన అడిగితేనే కదే, లేచి ఇంత తినేదాన్ని!"

దుర్గాశ్రీ ఆ ముక్కను మళ్ళీ రాసింది. కాసేపటికి తెర అడుగున పలకరింపు వచ్చింది.

"లేదండీ" అంది రామలక్ష్మి తెరతో.

కూతురు గబగబా కంచంలో అన్నం కలిపి తెచ్చింది. రామలక్ష్మి ముద్ద అందుకోబోయి ఆగింది. కూతురి మొహం సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో!

"నువ్వు తిన్నావే?"

దుర్గాశ్రీ భోరుమంది. "నాన్న పోయాక నన్నెవరూ అడగలేదమ్మా."