విండ్‌మిల్ పామ్‌కి ఉన్ని కోటు

"ఇదేంటండీ, చెట్టుకి కోటు తొడిగారా?"

నర్సరీ అమ్మాయి నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దర్జీకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అతని కొట్లో, కుట్టుమిషన్ పక్కన, విసనకర్రల్లాంటి ఆకులున్న తాటిజాతి మొక్క, నడుమెత్తు విండ్‌మిల్ పామ్ నిలబడి ఉంది. దానికి కింది నుంచి పైదాకా ఉన్ని కోటు. బొత్తాలన్నీ బిగించేసి ఉన్నాయి.

"చలికి వణుకుతుందేమోనని..." అని నసిగాడు.

"కొన్న రోజే చెప్పాను కదా! మంచు పడినా ఇది చెక్కుచెదరదు. ఇంట్లో పెట్టినా, వాకిట్లో పెట్టినా హాయిగా బతుకుతుంది. అప్పుడు మీ చెవులు ఎక్కడున్నాయి?"

చెవులు ఉన్నచోటే ఉన్నాయి. ఆమెను చూస్తూ నిలబడిపోయిన కళ్లే వాటిని పని చెయ్యనివ్వలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి అప్పట్నుంచీ ధైర్యం కూడగట్టుకుంటున్నాడు. చెట్టుకి కొత్త ఆకు విచ్చుకున్న రోజున వెళ్లి చెప్పేయాలని తనకు తనే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఆకేమో నడిమధ్యన ముడుచుకునే ఉండిపోయింది. చివరికి గుబులు పుట్టి ఆమెనే పిలుచుకొచ్చాడు.

ఆమె బొత్తాలు విప్పింది. లోపలంతా చెమ్మ. ముఖంలో నవ్వు పోయింది.

"దీనికి ఎదిగే చోటు ఈ నడినెత్తి ఒక్కటేనండీ. అది కుళ్లితే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఈ ముడుచుకున్న మొవ్వు పట్టుకుని లాగుతాను. ఊడొచ్చిందా, ఇక ఆశ వదులుకోవడమే."

అతను ఊపిరి బిగబట్టాడు. ఆమె మెల్లగా లాగింది. ఇంకాస్త గట్టిగా లాగింది. మొవ్వు మొండికేసింది.

"బతికే ఉంది! ఇంత బిగించేస్తే పాపం ఎలా విచ్చుకుంటుంది?"

అంటే ఇన్నాళ్లూ ఏ ఆకు కోసం ఎదురుచూశాడో దాన్ని ఆపిన ఘనుడు తనే. అతనికి నవ్వొచ్చింది, తన మీద తనకే జాలి కూడా వేసింది.

"ఇది విచ్చుకున్నాక మీకో మాట చెప్దామనుకున్నాను," అన్నాడు. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

పొద్దంతా ఆరుబయట తడిమట్టిలో పనిచేసి ఆమె వేళ్లు చలికి పగిలి ఉన్నాయి. ఆ వేళ్లతోనే కోటును నిమిరింది.

"బాగా కుట్టారు. కానీ దీనికి చలి వెయ్యదు," అంది నెమ్మదిగా. "నాకు వేస్తుంది."

అతని చెయ్యి మెడలో వేలాడుతున్న టేపు మీదికి వెళ్లింది.

"కొలతలు తీసుకోనా?"

"అబ్బో, ముందు మా నాన్నని అడగండి!" గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "రేపే రండి. ఆకు విచ్చుకునేదాకా ఆగకండి."