ఈడనే తిరగతా ఉంటా

పలమనేరు పక్కన, టమోటా తోటల నడుమ, విమానం నడపడం నేర్పే చిన్న బడి ఒకటుంది. ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, ఒక కంట్రోల్ టవరు. టవరు అనడం మర్యాదకే గానీ, కింద నిలబడి చూస్తే నీళ్ల ట్యాంకుకి అద్దాలు బిగించినట్టు ఉంటుంది. ఆ అద్దాల గదిలో కూర్చుని విమానాలకు దారి చెప్పే ఉద్యోగం ధరణిది. ఆమె చెల్లెలు మహిత అక్కడే విమానం నేర్చుకుంటోంది. అమ్మా నాయనా పోయాక ఆ ఇద్దరికీ ఒకరికొకరే లోకం.

ఆ పనిలో ఒక కట్టుబాటుంది. టవరు ఏం చెప్పినా పైలట్ ఆ మాటే తిరిగి అప్పజెప్పాలి. ఊరికే సరే అంటే చెల్లదు. మహితకు ఆ అలవాటు ఇంట్లోనూ అంటుకుంది. "పాలు పొంగతా ఉండాయి, పొయ్యి ఆపు" అని ధరణి కేకేస్తే, "పొయ్యి ఆపతా ఉండా అక్కా" అని తీరిగ్గా అప్పజెప్పి, అప్పుడు లేచేది. ఈలోగా పాలు పొంగిపోయేవి. ధరణి తిట్టేది, తిడుతూనే లోలోపల మురిసిపోయేది.

కార్తీకంలో ఒక సాయంత్రం. మహిత ఒంటరిగా తిరుపతి వైపు వెళ్లి తిరిగొస్తోంది. పొద్దున్నుంచీ ఎండ కాసి, సరిగ్గా పొద్దు గూకే వేళకి ముసురు పట్టుకుంది. మేఘాలు కొండల మీదినుంచి జారి తోటల మీదికి వచ్చేశాయి. గట్ల మీద పారబోసిన టమోటాలు నాని, పులిసిన వాసన గదిలోకి వస్తోంది. కిటికీ అద్దాల మీద సన్నగా చినుకుల చప్పుడు.

"టవర్..." అంది మహిత గొంతు రేడియోలో. ఆ తరవాత గరగర. ఆ తరవాత అదీ లేదు.

రేడియోలు బాగుచేసే మునిచంద్ర రెండో సెట్టు కూడా పెట్టి చూశాడు. పెద్దవాడు, నిదానస్తుడు.

"సెట్టులో ఏం లోపం లేదమ్మా. మన మాట పోతానే ఉండాది. ఆ పక్కనించే ఏం రాలే" అన్నాడు.

రేడియో పలకకపోతే దీపమే దిక్కు. తుపాకిలా చేత్తో పట్టుకుని విమానం వైపు చూపించే దీపం గోడకు వేలాడుతుంటుంది. ఎర్రది చూపిస్తే పైనే తిరగాలి, పచ్చది చూపిస్తే దిగాలి. నోటితో అప్పజెప్పే వీలు లేదు గనక, పైలట్ తన లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించాలి. అర్థమైందనడానికి అదే గుర్తు.

మేఘాల అడుగునుంచి చిన్న విమానం బయటికొచ్చింది. ధరణి పచ్చ దీపం పట్టింది. విమానం లైట్లు ఆరాయి, వెలిగాయి. మళ్లీ ఆరాయి, వెలిగాయి.

దిగింది. రన్‌వే నడిమధ్యలో ఆగిపోయింది. మునిచంద్ర హమ్మయ్య అనుకుంటూ గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్లాడు. ధరణి కుర్చీలో కూలబడింది. కళ్ల నీళ్లు తుడుచుకుంది.

అప్పుడు రేడియో పలికింది. గరగర లేకుండా, పక్కగదిలోంచి పిలిచినంత స్పష్టంగా.

"అక్కా... వినపడతా ఉండాదా?"

ధరణి బటన్ నొక్కింది.

"మహితా... యాడుండావు?"

"మేఘాల పైన్నే ఉండా అక్కా. కింద ఏం కనపడలే. నీ దీపం కూడా కనపడలే... దిగమంటావా?"

ధరణి కిందికి చూసింది. విమానం అక్కడే ఉంది. తోక మీద మహిత తీసుకెళ్లిన విమానం నంబరే. గొడుగు పట్టుకుని మునిచంద్ర వస్తున్నాడు. గొడుగు కింద మహిత నడుస్తోంది.

ధరణికి భయం వేయలేదు. ఒంట్లోంచి ఎవరో ఆమెను తీసేసినట్టయింది, అంతే. రన్‌వే మీద ఒక విమానం ఉండగా ఇంకోదాన్ని దించకూడదు. ఆ ఉద్యోగంలో మొదట నేర్పేది అదే. ఆలోచన వచ్చేలోపే అలవాటు నోరు తెరిచింది.

"దిగొద్దు. ఆడనే తిరగతా ఉండు."

"దిగను. ఈడనే తిరగతా ఉంటా, అక్కా."

ఒక్క మాట తప్పకుండా అప్పజెప్పింది. అంతే. మళ్లీ పలకలేదు.

ఏమన్నానో ధరణికి అప్పుడు తెలిసింది. దిగు మహితా... దిగు... అంటూ బటన్ నొక్కుతూనే ఉంది. పచ్చ దీపం మేఘాల్లోకి పట్టి నిలబడింది. వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకుంది.

"బిడ్డ బెదిరిపోయినట్టుండాది" అన్నాడు మునిచంద్ర మెల్లగా. "మాటే రాలే. ఇంటికి పిల్సకపో."

ధరణి పిలుచుకుపోయింది. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

ఒక విమానం పోయింది, ఒక విమానం వచ్చింది. ఎవరికీ ఏ లోటూ కనబడలేదు. చిత్తూరు డాక్టరు భయం వల్ల మాట పడిపోయింది, అదే వస్తుందన్నాడు. ఆ అమ్మాయి తింటుంది. తల దువ్వుకుంటుంది. పొయ్యి ఆపమంటే మాట్లాడకుండా లేచి ఆపుతుంది. ఇప్పుడు పాలు పొంగడం లేదు.

రోజూ పొద్దు గూకే వేళ ధరణి రేడియోలో దిగమని చెబుతుంది. జవాబు రాదు. విమానంలో పెట్రోలు ఆ సాయంత్రానికే సరిపోతుందని ఆమెకు తెలుసు. ఏడుద్దామని చూస్తుంది, ఏడుపు రాదు. ఇంటికొచ్చి రెండు కంచాలు పెడుతుంది.

నిన్న అన్నాలయ్యాక కరెంటు పోయింది. వీధి వీధంతా చీకటి. ధరణి వసారాలో గోడకానుకుని కూర్చుంది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. ఇన్నాళ్లూ నోటి దాకా వచ్చి ఆగిన మాట, గుసగుసగా బయటికొచ్చింది.

"ఇంక చాలు... నా చెల్లెల్ని దిగనియ్యి."

లోపల మంచం మళ్లీ కిర్రుమంది.

గదిలో లైటు వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది, ఆరింది.

వీధిలో ఇంకా కరెంటు రాలేదు.