బోర్లించిన పడవ కింద

చిన్న కొయ్య పడవ ఎలా కడతారో ముందు చెప్పేస్తాను. అది తెలిస్తేనే ఆ సాయంత్రం ఏం జరిగిందో అర్థమవుతుంది.

పడవని బోర్లించి రెండు పొట్టి బల్లల మీద పెడతారు. లోపల వంపు తిరిగిన కొయ్యలుంటాయి, మన పక్కటెముకల్లాగా. వాటి మీద పొడవాటి పలకలు పరిచి రాగి మేకులతో బిగిస్తారు. మేకు బయటినుంచి లోపలికి దిగుతుంది. లోపలికి పొడుచుకొచ్చిన మొనకి చిన్న రాగి బిళ్ల తొడిగి, దాని మీదికి మొనని సుత్తితో అణగగొడతారు. ఆ దెబ్బకి మేకు వెనక్కి రాకుండా బయటినుంచి ఇంకొకరు దాని తలకి ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. అంటే ఇద్దరు మనుషులు, మధ్యలో పలక. ఒకరికొకరు కనబడరు.

పడవ కింద వెల్లకిలా పడుకుని కొట్టేవాడు మా తమ్ముడు. పడవలు కట్టడమే వాడి బతుకుతెరువు. బయట ముక్కాలిపీట మీద కూర్చుని దిమ్మ పట్టేదాన్ని నేను. వాడి దగ్గర పనివాళ్లు మానేసి చాలాకాలమైంది. నేను బడి ఉద్యోగం నుంచి రిటైరై అంతకంటే ఎక్కువ కాలమైంది.

"ఇన్నేళ్లూ పిల్లల్ని చప్పుడు చెయ్యొద్దని గదమాయించావు. ఇప్పుడు చప్పుడు చెయ్యడానికే కూలికొచ్చావు, అక్కా" అనేవాడు కిందనుంచి.

"నోరు మూసుకుని కొట్టరా. చెయ్యి పడిపోతోంది" అనేదాన్ని.

ఆ పడవ నా కూతురి కూతురి కోసం. జబ్బుచేసి ఏడాదిపాటు మంచం దిగని పిల్ల. తెడ్డు వేస్తే చేతుల్లోకి బలం వస్తుందని డాక్టరు అన్న రోజే "తాతయ్యా" అంటూ మా తమ్ముడి మీద పడి మాట తీసుకుంది. రోజూ "ఎప్పుడు దింపుతారు నీళ్లలోకి?" అని ఒకటే ప్రశ్న. పిల్ల ముఖంలో రంగు వస్తోందంటే ఆ పడవ మీద ఆశతోనే. అందుకే ఇద్దరం ముసలివాళ్లం నడుములు విరుచుకుంటూ పనిచేశాం.

చివరి పలక దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ ఓపిక అయిపోయింది. కొత్త చెక్క కోసి, ఆవిరి పట్టి, వంచాలంటే మళ్లీ వారం పని. షెడ్డు వెనక ఎప్పుడో వరదకి కొట్టుకొచ్చిన పాత పడవ పలక ఒకటి పడుంది. తమ్ముడు దాన్ని తెచ్చి వంపు మీద పెట్టి చూశాడు. అచ్చుగుద్దినట్టు అతికిపోయింది. పాత మేకుల రంధ్రాలు కూడా సరిగ్గా మా కొయ్యల మీదికే వచ్చాయి.

"రంధ్రాలు వేసే పని కూడా తప్పింది, అక్కా."

"అదెలాగరా అంత సరిగ్గా?"

"ఎలాగైతేనేం? ఈ రోజుతో అయిపోతుంది."

అయిపోతుందన్న మాటే చెవికి అంత తియ్యగా వినిపించింది.

చీకటి పడుతోంది. బయట సన్నగా వాన. షెడ్డులో రంపపు పొట్టు వాసన, జిగురు వాసన. పడవ అంచుకీ నేలకీ మధ్య జానెడు సందు, అందులోంచి తమ్ముడి లాంతరు వెలుగు. మా పద్ధతి ఒకటుంది. వాడు లోపలినుంచి రెండుసార్లు తడితే "సిద్ధమా?" అని. నేను మేకు మీద దిమ్మ ఆనించి ఒక్కసారి తడితే "కానీ" అని. తర్వాత వాడి దెబ్బలు, చిన్నచిన్నవి, మధ్యమధ్యలో ఆయాసం, ఒక దగ్గు.

కొన్ని మేకులయ్యాక నా కళ్లు మూతలు పడ్డాయి. నుదురు పలకకి ఆనించాను. ఒక్క క్షణమే అనుకుంటాను...

టక్. టక్.

ఉలిక్కిపడి లేచాను. "వస్తున్నానురా" అని దిమ్మ ఆనించి తట్టాను.

దెబ్బ పడింది. మూడే దెబ్బలు, బరువుగా. భుజం దాకా అదిరింది. తర్వాతి మేకు. మళ్లీ మూడే. ఫరవాలేదే, వీడికి ఎక్కణ్ణుంచో ఓపిక వచ్చింది అనుకున్నాను. వరసగా మేకు తర్వాత మేకు. దగ్గు లేదు. ఆయాసం లేదు.

పొట్టు వాసన ఎప్పుడు పోయిందో తెలీదు. చెరువు అడుగు బురద వాసన వస్తోంది, చల్లగా.

"ఒరేయ్... కాసేపు ఆగుదామా?" అన్నాను మెల్లగా.

టక్. టక్.

సందులోకి చూశాను. వెలుగు లేదు. చీకట్లో మేకు మొన ఎలా కనబడుతోంది వీడికి?

అప్పుడు తలుపు తెరుచుకుంది. రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో తమ్ముడు. మోచేతికి తగిలించుకున్న లాంతరు.

"నిద్రపోతున్నావని లేపలేదు, అక్కా..." అంటూ ఆగిపోయాడు. గొంతు తగ్గించాడు. "ఎవరికోసం పట్టుకున్నావు ఆ దిమ్మ?"

నా అరచేతి కింద ఇంకొక్క దెబ్బ పడింది.

తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఇద్దరం పడవని ఒక పక్కకి ఎత్తి చూశాం. కింద ఎవరూ లేరు. వాడు పరుచుకున్న గోనెపట్టా తడిసి ఉంది, అంతే. పలక మీద ప్రతి మేకూ బిగించి ఉంది, తమ్ముడి పనికంటే నున్నగా. వాడు చొక్కా జేబు తడుముకున్నాడు.

"బిళ్లల డబ్బా నా దగ్గరే ఉందక్కా."

మేకులకి తొడిగి ఉన్న బిళ్లలు మావి కావు. నల్లబడి, చిలుమెక్కి, పచ్చగా ఉన్నాయి.

"పిల్ల ఇది ఎక్కదు" అన్నాను. "రేప్పొద్దున ఆ పలక పీకెయ్."

"ఇప్పుడే పీకుతాను" అని మేకులు కోసే శానం తీసుకున్నాడు గాని చేతులు లేవలేదు. తాళం వేసి వచ్చేశాం. టీలు అక్కడే ఉండిపోయాయి.

ఇంట్లో మనవరాలు మేలుకునే ఉంది. "అయిపోయిందా, అమ్మమ్మా?"

"ఇంకా పని ఉందమ్మా. ఇప్పట్లో కాదు."

మూతి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. నేను దాని పక్కనే నడుం వాల్చాను. కాపలా కాయాలనే అనుకున్నాను. కానీ అలిసిన ఒళ్లు మాట వినదు కదా.

తెల్లవారగానే తమ్ముడు కిటికీ దగ్గర నిలబడి చేత్తో రమ్మన్నాడు. షెడ్డు తాళం వేసే ఉందట. తాళంచెవి వాడి మొలతాడుకే ఉందట. వెళ్లి చూస్తే పడవ నిన్నటిలాగే బోర్లా ఉంది. దాని ఒంటి చుట్టూ మాత్రం ఒక తడి గీత. గీతకి అడుగు వైపంతా నాచు మరక.

"పలకల మధ్య సందులు ఇంకా పూడ్చనేలేదక్కా. నీళ్లలో పెడితే మునిగిపోవాలి ఇది" అన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని అడుగునుంచి గీత దాకా జానతో కొలిచాడు. మళ్లీ కొలిచాడు. నావైపు చూడకుండా గుసగుసగా అన్నాడు. "ఒక్కరే కూర్చుంటే ఇంత లోతు దిగదు. ఇద్దరి బరువు ఇది."

నేను ఎలా పరిగెత్తానో నాకే తెలీదు.

పిల్ల మంచం మీదే ఉంది. దుప్పటి పొడిగానే ఉంది. ఒళ్లు వెచ్చగానే ఉంది. హమ్మయ్య అనుకుని పక్కన కూర్చుని దాని చెయ్యి చేతిలోకి తీసుకున్నాను. అరచేతి నిండా బొబ్బలు. రెండో చెయ్యి తిప్పి చూశాను... అదీ అంతే.

"నొప్పిగా ఉందా, తల్లీ?" అన్నాను.

సగం నిద్రలోనే నవ్వింది. ఏడాదిగా ఆ ముఖంలో అంత రంగు నేను చూడలేదు.

"కొంచెమే, అమ్మమ్మా. సగం దూరం ఆ పడవ కింది ఆవిడే వేసింది తెడ్డు." మళ్లీ కళ్లు మూసుకుంది. "ఇవాళ నుంచి అంతా నేనే వెయ్యాలిట."